భయం తగ్గింది, బయాప్సీ ఆగిపోయింది: పొగాకు హెచ్చరికకూ ధ్యానానికీ మధ్య ఒక కేసు

పొగ మానాలనుకునేవాళ్ళకు ధ్యానం నేర్పడం ఇప్పుడు కౌన్సెలింగ్‌లో మామూలైపోయింది. నేర్పడం మంచిదే. కానీ ధ్యానం మనసును నెమ్మదింపజేసేటప్పుడు పనికిమాలిన దిగులునూ, పనికొచ్చే భయాన్నీ వేరుచేసి చూడదు. రెండూ కలిసే చల్లారతాయి. ఈ సంగతి మన రంగంలో తక్కువగా చర్చకొస్తుంది. రెండో రకం భయం చల్లారితే ఏమవుతుందో ఈ కేసు తేటగా చూపించింది, అందుకే వివరంగా రాస్తున్నాను. రోగి అనుమతి ఉంది. ఆయన్ను గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

నలభైల్లో ఉన్న మనిషి. తిరుపతిలో అద్దె కారు నడుపుతాడు. ఎక్కువగా కొండ ట్రిప్పులే: రైల్వే స్టేషన్ దగ్గరో, బస్టాండ్ దగ్గరో యాత్రికులను ఎక్కించుకోవడం, అలిపిరి తనిఖీ దాటి ఘాట్ రోడ్డెక్కడం, దర్శనం అయ్యేదాకా పైన కాచుకుని మళ్ళీ దించడం. ఇరవై ఏళ్ళకు పైగా సిగరెట్లు. మా దగ్గరికి వచ్చేనాటికి రోజుకు పదహారు నుంచి పద్దెనిమిది దాకా. మందు అలవాటు లేదు, గుట్కా, ఖైనీ లేవు. ఉదయం పూట దగ్గు ఉంది. రెండు వారాలు దాటిన దగ్గు కాబట్టి కఫం పరీక్ష చేయించారు, టీబీ లేదని తేలింది. ఛాతీ ఎక్స్‌రే బాగానే ఉంది. బీపీ కాస్త ఎక్కువ.

అసలు సంగతి నోట్లో ఉంది. పన్ను నొప్పికి వెళ్తే దంతవైద్యుడు ఎడమవైపు పెదవి మూల లోపల, చిటికెన వేలి గోరంత తెల్లమచ్చ చూశాడు. గాజుగుడ్డతో తుడిస్తే పోలేదు. పక్కనే గీసుకుంటున్న పన్ను అంచును నున్నగా చేసి, రెండు వారాల తర్వాత మళ్ళీ చూశాడు. మచ్చ అలాగే ఉంది. తుడిస్తే పోని, వేరే కారణం కనపడని తెల్లమచ్చను ల్యూకోప్లేకియా అంటారు. అది క్యాన్సర్ కాదు. కొందరిలో మాత్రం కాలక్రమంలో క్యాన్సర్‌గా మారవచ్చు. ఏది మారేదో కంటితో చూసి చెప్పడం కుదరదు కనుక చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. బయాప్సీకి రమ్మని ఆయన చెప్పి మూడు నెలలు దాటింది, ఈయన వెళ్ళలేదు.

నికోటిన్ మీద ఎంతగా ఆధారపడ్డాడో చూడటానికి ఫాగర్‌స్ట్రామ్ ప్రశ్నావళి ఇచ్చాం. పదికి ఐదు వచ్చింది, అంటే మధ్యస్థం. లేచిన అరగంటలోపు మొదటి సిగరెట్ వెలిగిస్తాడు కాబట్టి రెండు మార్కులు, రోజుకు పదకొండు నుంచి ఇరవై మధ్య కాబట్టి ఒకటి, పొద్దుటి సిగరెట్ వదలడమే కష్టం అన్నందుకు ఒకటి, పొద్దున్నే ఎక్కువ తాగుతాడు కాబట్టి ఇంకొకటి. సున్నా వచ్చిన ఒక ప్రశ్న దగ్గర మాత్రం నేను ఆగాను: పొగ తాగకూడని చోట ఆపుకోవడం కష్టమా? 'లేదు' అన్నాడు. కొండమీద పొగాకు నిషేధం. అలిపిరి దగ్గరే తనిఖీ ఉంటుంది. పైకెళ్ళాక నాలుగైదు గంటలు, రద్దీ ఉంటే అంతకన్నా ఎక్కువసేపు, ఒక్కటీ తాగకుండా ఉంటున్నాడు. కిందికి దిగి, యాత్రికులను దింపిన మొదటి చోటే వెలిగిస్తున్నాడు. ఈ సున్నా తర్వాత చాలా పనికొచ్చింది.

ఏ ఇబ్బందితో వచ్చాడు

పంపింది దంతవైద్యుడే. 'పొగ మాన్పించండి' అని చీటీ. వెంట భార్య వచ్చింది. ఆమె చెప్పిన మొదటి మాటే కేసు మొత్తాన్ని పట్టిచ్చింది: "ఈయన నిద్ర బాగానే పోతాడు సార్, ఆస్పత్రికే పోడు."

మచ్చ గురించి విన్న కొత్తలో ఆయనకు నిద్ర పట్టేది కాదు. అర్ధరాత్రి లేచి ఫోన్ టార్చి వేసుకుని అద్దంలో నోరు తెరిచి చూసుకునేవాడు. తెలిసినవాళ్ళు ఒక ఉచిత ధ్యాన శిబిరానికి తీసుకెళ్ళారు. ఉదయం పది నిమిషాలు, రాత్రి పది నిమిషాలు కళ్ళు మూసుకుని శ్వాసను గమనించడం, వచ్చే ఆలోచనలను పట్టుకోకుండా వదిలేయడం నేర్చుకున్నాడు. శ్రద్ధగా చేశాడు, ఫలితం కూడా వచ్చింది. దడ తగ్గింది, నిద్ర కుదిరింది. "ముందు ఆ బొమ్మ చూస్తే గుండె ఝల్లుమనేది సార్. ఇప్పుడేమీ లేదు. ఆలోచన వస్తాది, పోతాది. అంతే" అన్నాడు.

ఆ బొమ్మ అంటే సిగరెట్ పెట్టె మీది బొమ్మ. మన దేశంలో 2016 ఏప్రిల్ 1 నుంచి పొగాకు పెట్టెల మీద ముందూ వెనకా 85 శాతం మేర బొమ్మతో కూడిన హెచ్చరిక ఉండాలి. 2018 సెప్టెంబర్ నుంచి దానితోపాటు 1800-11-2356 అనే ఉచిత క్విట్‌లైన్ (పొగాకు మానడానికి ఫోన్‌లో సాయం చేసే సేవ) నంబరు కూడా వేస్తున్నారు. ఈయన దగ్గర ఆ పెట్టే లేదు. బంకు దగ్గర విడిగా కొంటాడు. పెట్టె కొనాల్సివస్తే సిగరెట్లను ఒక చిన్న రేకుడబ్బాలోకి మార్చుకుని పెట్టెను అక్కడే పారేస్తాడు. డబ్బా మూత లోపల వేంకటేశ్వరస్వామి బొమ్మ అతికించి ఉంది. ఎప్పటి నుంచి ఇలా మారుస్తున్నావని అడిగితే, దంతవైద్యుడి దగ్గరికి వెళ్ళొచ్చిన వారం నుంచే అని తేలింది. హెచ్చరిక పనిచేయక కాదు. పనిచేసింది కాబట్టే దాన్ని కంటికి కనపడకుండా చేసుకున్నాడు.

మాటల్లోనూ ఎదురుదాడి ఉంది. మా తాత తొంభై ఏళ్ళు చుట్ట తాగాడు, పొగ తాగనోళ్ళకు రాలేదా, డాక్టర్లు అట్లే భయపెడతారు. ఇవి విని రోగి మొండివాడని రాసేయడం తేలిక. అది పొరపాటు. 1992లో లిబర్‌మన్, చైకెన్ చేసిన ప్రయోగంలో కాఫీ వల్ల ఆడవాళ్ళకు ఒక రొమ్ము సమస్య వస్తుందనే వ్యాసం చదివించారు. అందులోని ఆధారాల్లో తప్పులు ఎక్కువగా వెతికినవాళ్ళు కాఫీ బాగా తాగే స్త్రీలే. మాట తనకు తగిలినప్పుడే మనిషి దాన్ని తోసేయడానికి ఎక్కువ కష్టపడతాడు. కాబట్టి వాదన బలంగా ఉంటే, దెబ్బ తగిలిందని అర్థం చేసుకోవచ్చు.

మొదట ఏం చేశాం, ఎందుకు

రెండు దార్లు కనపడ్డాయి. భయాన్ని పెంచి ఆస్పత్రికి నడిపించడం, లేదా ఆయనకు ఇప్పటికే అలవాటైన ధ్యానాన్నే ఆసరాగా తీసుకుని మాన్పించే పని మొదలుపెట్టడం.

మొదటిది ఇంట్లోవాళ్ళు అప్పటికే చేసి చూశారు. భార్య నోటి క్యాన్సర్ ఫోటోలు ఆయన వాట్సాప్‌కు పంపేది. ఆయన ఆమె మెసేజీలు తెరవడం మానేశాడు. దీని వెనక ఉన్న లెక్కను 1992లో కిమ్ విట్టే ఒక నమూనాగా చెప్పింది. ముప్పు పెద్దదని నమ్మి, దాన్ని తప్పించుకునే దారి తన చేతిలో ఉందని కూడా నమ్మితే మనిషి ముప్పు మీద పనిచేస్తాడు. ముప్పు పెద్దదే కానీ నావల్ల కాదనుకుంటే భయం మీద పనిచేస్తాడు: చూడడు, వినడు, చెప్పినవాణ్ణి తిడతాడు. ఈయనకు ముప్పు గురించి కొత్తగా చెప్పాల్సింది ఏమీ లేదు. లోటు రెండో వైపు ఉంది. అందుకే ఫోటోలు ఆపమని భార్యకు చెప్పాం.

రెండో దారికి శాస్త్రం కొంత మద్దతు ఇస్తోంది. 2017లో యూనా కాంగ్, ఎమిలీ ఫాక్ బృందం ప్రచురించిన అధ్యయనంలో, స్వభావరీత్యా ఎరుక (ఈ క్షణంలో జరిగేదాన్ని గమనించే గుణం) ఎక్కువున్నవాళ్ళు వ్యాయామం గురించిన హెచ్చరికలు విన్నప్పుడు తక్కువ సిగ్గుపడ్డారు, నెల తర్వాత వాళ్ళలో వ్యాయామం చేయాలన్న కోరిక ఎక్కువగా పెరిగింది. పొగ మాన్పించడంలో మైండ్‌ఫుల్‌నెస్, అంటే ఈ ఎరుకను పెంచే సాధన, గురించి 2022లో వచ్చిన కాక్రేన్ సమీక్షకు (అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను కలిపి తూచే సమీక్ష) మాత్రం స్పష్టమైన లాభం కనపడలేదు. అంటే తలుపు మూసుకుపోలేదు, అలాగని పూర్తిగా తెరుచుకోనూ లేదు. రోగి ఇప్పటికే రోజూ చేస్తున్నాడు, దాన్ని వాడుకోవడమే సబబు అనిపించింది. ఉదయం ధ్యానం కాగానే మేం మచ్చ గురించి రాసిచ్చిన హెచ్చరిక కార్డు ఒకసారి చదవాలి, ఆ నెమ్మదిలో బయాప్సీ గురించి ఆలోచించి తారీఖు పెట్టుకోవాలి అన్నది మొదటి పథకం. భయం తక్కువుంటే ఎదురుదాడి తక్కువుంటుంది, అప్పుడు మాట లోపలికి దిగుతుంది అన్నది దాని వెనక తర్కం.

ఏది పనిచేయలేదు

ఎదురుదాడి నిజంగానే తగ్గింది. తాత మాట మళ్ళీ రాలేదు. మచ్చ గురించి ఎంత అడిగినా చిరాకు పడకుండా జవాబు చెప్పేవాడు. చూసేవాళ్ళకు చికిత్స బాగా సాగుతున్నట్టే ఉండేది. సిగరెట్లు పదికి దిగి, మళ్ళీ పద్నాలుగు దగ్గర నిలబడ్డాయి. బయాప్సీ తారీఖు రెండుసార్లు పెట్టుకుని రెండుసార్లూ వెళ్ళలేదు. వెళ్ళనందుకు బాధ కూడా లేదు.

అప్పుడు సెషన్‌లోనే కొలిచి చూశాం. కార్డు మీద రెండే వాక్యాలు: 'నీ నోట్లో పరీక్ష చేయని తెల్లమచ్చ ఉంది. పొగ కొనసాగితే అది చెడుగా మారే అవకాశం పెరుగుతుంది.' పైకి చదివించి మూడు ప్రశ్నలకు సున్నా నుంచి పది మధ్య అంకె చెప్పమన్నాం: ఇప్పుడు ఎంత భయం, ఇది ఎంతవరకు నీ సంగతి, ఈ వారం ఏదైనా చేయాలని ఎంత ఉంది. ధ్యానానికి ముందు ఏడు, ఎనిమిది, ఆరు. పది నిమిషాల శ్వాస ధ్యానం అయ్యాక మళ్ళీ అదే కార్డు: రెండు, నాలుగు, మూడు.

మధ్య అంకె చూసి ఉలిక్కిపడాలి. భయం తగ్గడం మనం కోరుకున్నదే. కానీ మచ్చ ఆయన నోట్లోనే ఉండగా 'ఇది నా సంగతి' అన్న భావన ఎనిమిది నుంచి నాలుగుకు ఎలా దిగింది? అడిగితే మామూలుగానే చెప్పాడు: "అదీ ఒక ఆలోచనే కదా సార్." ఆలోచనలను ఆలోచనలుగా చూడటం శిబిరంలో నేర్పారు. రాత్రి రెండింటికి 'నేను పోతే పిల్లల గతేంది' అనే ఆలోచనకు అది సరైన మందే. 'నా నోట్లో మచ్చ ఉంది' అన్నది ఆలోచన మాత్రమే కాదు, బయట ఉన్న నిజం. ఆయన సాధన రెండింటినీ ఒకే గంపలో వేసి పక్కన పెట్టేస్తోంది. పైగా భయం వచ్చినప్పుడల్లా దాన్ని తీసేసే సాధనం చేతిలో ఉండటంతో ఆస్పత్రికి వెళ్ళాల్సిన అవసరమే కలగడం లేదు. భయాన్ని తగ్గించడానికి ఒకప్పుడు పెట్టెను దాచాడు, ఇప్పుడు ధ్యానం చేస్తున్నాడు. పని ఒకటే, పద్ధతి మర్యాదగా మారింది.

ఇక్కడ ధ్యానాన్ని ఆపించాలా అన్న ప్రశ్న వచ్చింది. వద్దనుకున్నాం. అది ఆయన నిద్రను నిలబెట్టింది, బీపీ మనిషికి అది చిన్న విషయం కాదు. ఆపిస్తే మా మీద నమ్మకం కూడా పోతుంది. మార్చాల్సింది రెండు: ధ్యానం ఎప్పుడు చేస్తున్నాడన్నది, లోపల ఏ మాట చెప్పుకుంటున్నాడన్నది.

ఏది పనిచేసింది

వరస తిరగేశాం. ధ్యానం, తర్వాత హెచ్చరిక, తర్వాత ఎప్పుడో పని అని ఉండేది. దాన్ని ఇలా మార్చాం.

ముందుగా ఐదు నిమిషాలు రాత. ఆరోగ్యంతో సంబంధం లేని విషయంలో తనకు గర్వంగా ఉన్న సంగతి ఒకటి నోటుబుక్కులో రాయాలి. ఇది 1988లో క్లాడ్ స్టీల్ ప్రతిపాదించిన ఆత్మ ధ్రువీకరణ. 'నేను మంచివాణ్ణే' అన్న పునాది గట్టిగా ఉన్నప్పుడు మనిషికి చేదు మాట తోసేయాల్సిన అగత్యం తగ్గుతుంది. ఆరోగ్యం గురించి రాయనివ్వకూడదు. రాస్తే అది వెంటనే సాకుల జాబితాగా మారుతుంది. ఈయన రాసింది: 'ఘాట్‌లో ఇన్నేళ్ళు బండి తోలినా నా బండెక్కినోళ్ళకు గీత పడలా.' ప్రతిసారీ దాదాపు అదే రాశాడు. మార్చమని అడగలేదు.

తర్వాత కళ్ళు తెరిచే ఉండి కార్డు పైకి చదవడం. చదవగానే శ్వాస మీదికి వెళ్ళకూడదు. ఇదే కీలకం, ఇదే ఆయనకు కష్టమైంది. అలవాటు ప్రకారం కళ్ళు మూతపడేవి, భుజాలు జారేవి, లోపలికి వెళ్ళిపోయేవాడు. రెండు చేతులూ బల్ల మీద ఆనించి, కార్డు మీదే చూపు ఉంచమన్నాం. తొంభై సెకన్లు భయం ఒంట్లో ఎక్కడుందో చెప్పాలి. "గొంతు కాడ బిగిసినట్టుంది. కడుపులో తిప్పతా ఉండాది." దాన్ని తగ్గించే పని పెట్టుకోకూడదు. అది ఉండగానే నోటుబుక్కులో గీత గీసి రెండు వరసలు రాయాలి. ఎడమవైపు 'లోపల ఉన్నది', కుడివైపు 'బయట ఉన్నది'. ఎడమ: గొంతు బిగువు, పిల్లల మీద దిగులు. కుడి: మచ్చ ఉంది, ముక్క తీయలేదు, ఈ రోజు పద్నాలుగు తాగాను. 'ఎడమవైపువి వస్తాయి, పోతాయి. కుడివైపువి మనం ఏదైనా చేస్తేనే పోతాయి' అని చెప్పి ఆయన చేతే చెప్పించాం. 'ఇదంతా ఒట్టి ఆలోచన' అనే మాట తీసేసి దాని బదులు ఇచ్చిన వాక్యం: 'ఇది భయం, పోతుంది. మచ్చ మాత్రం ఉంది.'

ఆపై భయం ఇంకా ఉండగానే, లేవకముందే, కుడివైపున్న వాటిలో ఒకదాని మీద ఐదు నిమిషాల్లో అయిపోయే పని ఒకటి. మొదటి రోజు చేసింది దంతవైద్యుడికి ఫోన్. స్పీకర్ పెట్టి నా ముందే మాట్లాడి గురువారం పదకొండింటికి ఖాయం చేసుకున్నాడు. ఆ రోజుకు కొండ ట్రిప్పు ఒప్పుకోనని యజమానికి వెంటనే మెసేజి పెట్టాడు. ఈ రెండో పని లేకపోతే మొదటిది నిలవదు, ఎందుకంటే అంతకుముందు రెండుసార్లూ తప్పించుకోవడానికి దొరికిన సాకు ట్రిప్పే.

పని అయ్యాకే శ్వాస ధ్యానం, ఐదు నిమిషాలు. అప్పుడు అంకెలు: భయం మూడు, నా సంగతి ఎనిమిది, చేయాలన్నది తొమ్మిది. నెమ్మది వచ్చింది, నిజం చెదరలేదు.

గురువారం వెళ్ళాడు. బయాప్సీలో నోటి లోపలి పొర మందం కట్టడమే కనపడింది, డిస్‌ప్లేజియా (క్యాన్సర్ వైపు మళ్ళగల కణాల మార్పు) లేదు. పొగ మానితే ఇలాంటి మచ్చలు తగ్గవచ్చని, ఏమైనా మూడు నెలలకొకసారి చూపించుకోవాలని దంతవైద్యుడు చెప్పాడు. రిపోర్టు రోజు ప్రమాదకరమైన రోజు. 'ఏమీ లేదంట' అనగానే హెచ్చరిక మొత్తం కొట్టుకుపోతుంది. అందుకే రిపోర్టు రాకముందే కుడివరసలో రాయించాం: 'మంచి రిపోర్టు వచ్చినా మచ్చ ఉంటుంది, మానే తారీఖు మారదు.'

మానే తారీఖు, ప్యాచ్, కొండ

నికోటిన్ ప్యాచ్ (చర్మం మీద అతికిస్తే ఒంట్లోకి నికోటిన్‌ను కొద్దికొద్దిగా ఇచ్చే పట్టీ) నిర్ణయం వైద్యుడిది. నోట్లో బయాప్సీ కుట్టు మానేదాకా నికోటిన్ గమ్ వద్దనుకున్నారు. రోజుకు పదికి మించి తాగేవాళ్ళకు వాడే పద్ధతిలోనే ఇచ్చారు: 21 మిల్లీగ్రాములది ఆరు వారాలు, 14ది రెండు వారాలు, 7ది రెండు వారాలు. మన ఊరి ఎండకు, చెమటకు ప్యాచ్ మధ్యాహ్నానికల్లా అంచులు లేస్తుంది. స్నానం చేసి ఒళ్ళు బాగా తుడుచుకుని, నూనె, పౌడరు లేని చోట, వెంట్రుకలు తక్కువున్న పైచేతి మీద అతికించి, అరచేత్తో పది సెకన్లు అదిమిపెట్టాలి. స్టీరింగ్ తిప్పేటప్పుడు సీటుకు రాసుకునే చోట పెట్టకూడదు. రోజూ చోటు మార్చాలి. రాత్రి పిచ్చి కలలు వస్తుంటే పడుకునే ముందు తీసేయవచ్చు. ఈయనకు వచ్చాయి, తీసేశాడు, పోయాయి.

కుట్టు మానాక 2 మిల్లీగ్రాముల గమ్ చేర్చారు, మచ్చ లేని కుడివైపు. చాలామంది దీన్ని చూయింగ్ గమ్ లాగా గబగబా నమిలేస్తారు. నికోటిన్ అంతా ఉమ్మితో కడుపులోకి పోయి ఎక్కిళ్ళు, మంట వస్తాయి, సిగరెట్ కోరిక మాత్రం తీరదు. నెమ్మదిగా నమిలి, నోట్లో మిరియపు ఘాటు తగలగానే ఆపి బుగ్గలో పెట్టుకోవాలి. ఘాటు తగ్గాక మళ్ళీ నమలాలి. ఇలా అరగంట. టీ, కాఫీ తాగిన పావుగంటలోపు వేసుకుంటే నికోటిన్ సరిగా పీల్చుకోదు. డ్రైవర్ల విషయంలో ఇది ముఖ్యం, ఎందుకంటే వాళ్ళకు సిగరెట్, టీ జంట.

ఇక కొండ. 'నావల్ల కాదు' అనే మాటకు మేం చెప్పే ఏ ధైర్యమూ సరిపోదు, ఆయన చేసి చూపించిందే సరిపోతుంది. పైన గంటల తరబడి తాగకుండా ఉన్నప్పుడు ఒంట్లో ఏమవుతుందో గమనించమన్నాం. ఆయనే కనుక్కున్నాడు: పైన కోరిక పెద్దగా లేదు, దించేటప్పుడు అలిపిరి దగ్గరికొచ్చేకొద్దీ పెరుగుతుంది. అంటే ఆ సిగరెట్‌ను అడుగుతున్నది నికోటిన్ తక్కువ కావడం ఒక్కటే కాదు, 'ఇక తాగొచ్చు' అన్న అనుమతి కూడా. అందుకని కిందికి దిగి యాత్రికులు వెళ్ళాక, బండి పక్కన ఆపి, ఇంజన్ తీసేసి, కళ్ళు తెరిచే కోరికను గమనించే సాధన పెట్టాం. వ్యసనాల మీద పనిచేసిన మనస్తత్వవేత్త అలన్ మార్లట్ చెప్పిన పద్ధతే ఇది: కోరిక లేచి, ఎక్కి, దిగేదాకా దానితో పోట్లాడకుండా, దానికి లొంగకుండా చూడటం. సాధారణంగా కొన్ని నిమిషాల్లో దిగుతుంది. బండి నడుస్తుండగా ఇది చేయకూడదని గట్టిగా చెప్పాం. ఇక్కడ ధ్యానం తన సొంత చోట ఉంది. కోరిక నిజంగానే వచ్చిపోయేది, దాన్ని అలాగే చూడాలి. హెచ్చరిక వచ్చిపోయేది కాదు.

రేకుడబ్బా మా దగ్గర వదిలాడు. స్వామి బొమ్మను మాత్రం జాగ్రత్తగా ఊడదీసి పర్సులో పెట్టుకున్నాడు.

పొగ తాగాడో లేదో తేల్చడానికి ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ కొలిచేవాళ్ళకు ఒక మాట. ఆ వాయువు నాలుగైదు గంటల్లో సగానికి తగ్గిపోతుంది. కొండ దిగి నేరుగా వచ్చినవాణ్ణి కొలిస్తే తాగేవాడికీ అంకె తక్కువొస్తుంది. ఈయన్ను ఎప్పుడూ ఒకే వేళకు, ట్రిప్పు లేని రోజు సాయంత్రం కొలిచాం. మొదట్లో 21 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 21). మానాక రెండో వారంలో 4, ఆ తర్వాత అదే స్థాయి.

బ్రహ్మోత్సవాల రోజుల్లో ఒకసారి జారాడు. వరసగా రాత్రి ట్రిప్పులు, నిద్ర లేదు, తోటి డ్రైవర్ ఇచ్చిన రెండు సిగరెట్లు. మర్నాడే ఫోన్ చేశాడు. ఆ రోజు నోటుబుక్కులో కుడివరసలో 'రెండు తాగాను, మిగతా రోజులు తాగలేదు' అని రాశాడు, ఎడమవరసలో 'సిగ్గు'. ఆ రెండింటినీ కలపకుండా రాయగలగడం నాకు చాలా ముఖ్యంగా తోచింది. సిగ్గు కుడివరసలోకి జారితే 'నేనింతే' అని రాసి, మళ్ళీ రోజుకు పద్నాలుగు దగ్గరికి పోతారు. ఆ వారం పని ఒక్కటే: రాత్రి ట్రిప్పులు వరసగా రెండుకు మించి ఒప్పుకోకపోవడం. ఆరు నెలలకు పొగ లేదు. మచ్చ సైజు తగ్గిందని దంతవైద్యుడు రాశాడు. తనిఖీలు కొనసాగుతున్నాయి. అద్దంలో నోరు చూసుకోవడం ఆదివారం పొద్దున ఒక్కసారికి పరిమితమైంది.

ఇదే పద్ధతి వాడాలనుకునేవాళ్ళకు

భయం అంకెను సున్నాకు దించడం లక్ష్యంగా పెట్టుకోవద్దు. హెచ్చరిక చదివాక నాలుగు నుంచి ఆరు మధ్య ఉంటే పని జరుగుతుంది. రెండుకు దిగితే ఫోన్ చేయాల్సిన అవసరం కనపడదు. ఎనిమిది దాటితే చెయ్యి ఫోన్ మీదికే పోదు. అలా దాటినప్పుడు నిమిషం సేపు పాదాలు నేలకు ఆనించి, చుట్టూ కనపడేవి ఐదు పేర్లు చెప్పించి, ఐదారు దగ్గరికి తెచ్చి ఆపాలి. ఈ అంకెలు మా అనుభవంలోంచి వచ్చినవి, రోగిని బట్టి సర్దుకోవాలి.

ధ్యానం చేసే రోగి నెమ్మదిగా కనపడితే సంతోషపడే ముందు 'ఇది ఎంతవరకు నీ సంగతి' అన్న ఒక్క ప్రశ్న అడగండి. భయం, నా సంగతి అన్న భావన రెండూ కలిసి దిగాయా, భయం ఒక్కటే దిగిందా అన్నదే తేల్చుకోవాల్సింది. ఒక్క భయమే దిగితే సాధన బాగుంది. రెండూ దిగితే వరస మార్చాలి. షుగర్ ఉన్నవాళ్ళ కాలి పుండ్లు, మూడు వారాలుగా మానని నోటిపుండు, రొమ్ములో గడ్డ లాంటి వాటికి కూడా ఇదే ప్రశ్న పనికొస్తుంది, ఎందుకంటే అక్కడా ఆలస్యమే అసలు నష్టం.

పానిక్ దాడులు వచ్చేవాళ్ళకు, గతంలో పెద్ద దెబ్బతిన్న అనుభవం ఉన్నవాళ్ళకు, ఆరోగ్యం గురించి అతిగా భయపడి నెలనెలా పరీక్షలు చేయించుకునేవాళ్ళకు ఈ కార్డు పద్ధతి పెట్టవద్దు. వాళ్ళ సమస్య దీనికి ఎదురుది. వాళ్ళకు ముందు నెమ్మదే కావాలి, మానసిక వైద్యుడి పర్యవేక్షణ కావాలి. కౌన్సెలర్ దగ్గరలో లేని ఊళ్ళవాళ్ళకు పెట్టె మీది 1800-11-2356 నంబరు ఉంది. తెలుగులోనూ మాట్లాడతారు. ఆ నంబరును రోగి ఫోన్‌లో మన ముందే సేవ్ చేయించి, ఒకసారి కలిపి మాట్లాడించి పంపాలి. కాగితం మీద రాసిస్తే ఇంటికి చేరేలోపే జేబులో నలిగిపోతుంది.